పన్నులా బీమానా, కేంద్రమా స్థానికమా: ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థల్లో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి?

ఎన్నికలప్పుడో, బడ్జెట్ అప్పుడో ఆరోగ్యం మీద చర్చ మొదలైందంటే ఏ దేశంలోనైనా అది తిరిగి తిరిగి ఒక ప్రశ్న దగ్గరికే వస్తుంది: ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టాలి? ముఖ్యమైన ప్రశ్నే, కాదనను. అయితే ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ చేయాల్సిన పనులు రెండు. జబ్బుపడ్డ మనిషికి వైద్యం చేయడం ఒకటి. జబ్బు రాకుండా చూడటం, వస్తే నలుగురికీ పాకకముందే పట్టుకోవడం రెండోది. టీకాలు, తాగునీటి పరీక్షలు, వ్యాధి నిఘా, ల్యాబులు, పొగాకు నియంత్రణ ఈ రెండో లెక్కలోకి వస్తాయి. మొదటి పనిలో లోపం జరిగితే వెంటనే బయటపడుతుంది, రోగి బంధువులు నిలదీస్తారు. రెండో పని బాగా జరిగితే అసలేమీ జరగదు. రాని కలరా గురించి ఏ పేపరూ రాయదు. అందుకే ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందుగా కత్తెర పడేది దాని మీదే. కోవిడ్‌కు ముందు సంపన్న దేశాల్లో సైతం మొత్తం ఆరోగ్య ఖర్చులో నివారణకు దక్కింది సుమారు 3 శాతం.

ఒక విధాన ప్రతిపాదన చేతికొచ్చినప్పుడు అది మంచిదో కాదో తేల్చుకోవాల్సినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విద్యార్థులు కావచ్చు, విలేకరులు కావచ్చు, స్థానిక ప్రజాప్రతినిధులు కావచ్చు, మామూలు ఓటర్లు కావచ్చు. ఎంపికలు నాలుగు చోట్ల ఉంటాయి: డబ్బు ఎక్కడి నుంచి రావాలి, అధికారం ఏ స్థాయిలో ఉండాలి, నివారణ పని ఎవరి చేతిలో పెట్టాలి, ఆపద కోసం ఎలా సిద్ధపడాలి. చర్చంతా మొదటిదాని చుట్టూనే నడుస్తుంది. నా లెక్కలో వ్యవస్థ నిలిచేదీ కూలేదీ మూడోదాని దగ్గర.

డబ్బు ఎక్కడి నుంచి?

ప్రపంచంలో ఉన్న ఏర్పాట్లు దేనికది ప్రత్యేకంగా కనిపించినా, వాటి మూలాలు మూడే.

మొదటిది పన్నుల దారి. 1942లో సామాజిక భద్రత మీద వచ్చిన బెవరిడ్జ్ నివేదిక వేసిన పునాది మీద బ్రిటన్ 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవను మొదలుపెట్టింది. వైద్యం ఖర్చు చాలావరకు సాధారణ పన్నుల నుంచే వస్తుంది. నీకు అర్హత ఉందా, కార్డు ఉందా, ప్రీమియం కట్టావా అని అడిగే పని లేదు. వసూలుకు వేరే యంత్రాంగం అక్కర్లేదు, ఆదాయపు పన్ను, అమ్మకపు పన్ను తీసుకునేవాళ్లే తీసుకుంటారు. ఉన్నవాడు ఎక్కువ కడతాడు, జబ్బుపడ్డవాడు వాడుకుంటాడు. ఇబ్బంది ఏమిటంటే, ఏటా బడ్జెట్‌లో రక్షణతో, రోడ్లతో, బడులతో పోటీ పడి వాటా తెచ్చుకోవాలి. ఆర్థిక మంత్రి చేయి బిగించాడంటే ఆ ప్రభావం ఆపరేషన్ల వెయిటింగ్ లిస్టులో కనిపిస్తుంది.

రెండోది ఉద్యోగానికి ముడిపడిన బీమా. 1883లో ఛాన్సలర్ బిస్మార్క్ కాలంలో జర్మనీ దీన్ని చట్టం చేసింది. ఉద్యోగి, యజమాని కలిసి జీతంలో కొంత శాతం చందాగా కడతారు. ఇప్పుడు సాధారణ రేటు 14.6 శాతం, దాని మీద బీమా నిధిని బట్టి మరికొంత. 1990ల మొదట్లో అక్కడ ఇలాంటి నిధులు వెయ్యికి పైగా ఉండేవి, ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఇప్పుడు వంద లోపుకు వచ్చాయి. ఈ పద్ధతిలో డబ్బు ఆరోగ్యానికే అని ముందే రాసిపెట్టి ఉంటుంది కాబట్టి ఏటా దేబిరించే పని తక్కువ. నేను కట్టాను, నాకు హక్కుంది అన్న ధీమా జనంలో ఉంటుంది. కానీ ఇది నడవాలంటే జీతం చీటీ ఉన్న ఉద్యోగాలు కావాలి. రోజు కూలీ దగ్గర, సొంత పొలం చేసుకునేవాడి దగ్గర, వీధి వ్యాపారి దగ్గర నెలనెలా చందా వసూలు చేయడం మాటలు కాదు. జనాభా వృద్ధాప్యంలోకి జారేకొద్దీ కట్టేవాళ్లు తగ్గి, వాడేవాళ్లు పెరుగుతారన్నది మరో చిక్కు.

మూడోది ఈ రెండిటి కలయిక. అందరినీ ఒకే బీమా నిధిలో చేర్చి, పేదల వాటా ప్రభుత్వం కట్టి, ఆసుపత్రుల్ని మాత్రం ప్రైవేటుగానే ఉండనివ్వడం. తైవాన్ 1995 మార్చిలో విడివిడి బీమాలను కలిపేసి ఇదే చేసింది. దక్షిణ కొరియా దారి ఇంకా ఆసక్తికరం: 1977లో పెద్ద కంపెనీలతో మొదలుపెట్టి, 1989 నాటికి దేశమంతటికీ విస్తరించి, 2000లో వందలాది బీమా సంఘాలను ఒకే సంస్థ కిందికి తెచ్చింది. సంఘాలు విడిగా ఉన్నంతకాలం వయసు మీరిన పల్లెల సంఘాలు నష్టాల్లో ఉండేవి, కుర్రవాళ్లు పనిచేసే కంపెనీల సంఘాల దగ్గర డబ్బు మూలిగేది. కలిపాక ఆ తేడా పోయింది.

మరి ఏది మేలు? జీతం చీటీ ఎంతమందికి ఉందో చూడండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. థాయ్‌లాండ్ ఈ లెక్క సరిగా వేసింది. 2001లో అక్కడ జనాభాలో పెద్ద భాగం ఏ బీమా లేకుండా ఉంది. వాళ్ల దగ్గర ప్రీమియం వసూలు చేసే ప్రయత్నమే పెట్టుకోకుండా, పన్నుల డబ్బుతోనే పథకం నడిపింది. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ 30 బాత్ కడితే చాలన్నారు, 2002లో దానికి చట్టం తెచ్చారు. ఇప్పుడు అక్కడ 70 శాతం దాకా జనం ఈ పథకం కిందే ఉన్నారు. ప్రభుత్వోద్యోగులకు, ప్రైవేటు ఉద్యోగులకు వేరే పథకాలు అలాగే మిగిలిపోయాయి, సదుపాయాల్లో తేడాలూ మిగిలాయి. ఒకసారి మంచి సదుపాయం అనుభవించిన వర్గం దాన్ని వదులుకోదు. విడివిడి పథకాలతో మొదలుపెట్టాలనుకునే ప్రభుత్వాలు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి, తర్వాత కలపడానికి కొరియాకు పట్టినట్టు ఏళ్లు పడతాయి.

ఇక ప్రత్యేక పన్ను. ఫలానా పన్ను ఆరోగ్యానికే అనగానే వినడానికి బాగుంటుంది. ఘనా ఈ పద్ధతి ఎంచుకుంది: 2003లో జాతీయ బీమా చట్టం చేసి, వస్తువుల అమ్మకాల మీద 2.5 శాతం లెవీ వేసింది, బీమా నిధికి ఎక్కువ డబ్బు దాని నుంచే వచ్చేది. 2017లో ఇలాంటి ప్రత్యేక నిధులన్నిటికీ కలిపి ప్రభుత్వ పన్నుల ఆదాయంలో 25 శాతానికి మించకూడదని మరో చట్టం వచ్చింది. జనం ఆరోగ్యం పేరుతో కడుతూనే ఉన్నారు, అందులో కొంత వేరే ఖర్చులకు మళ్లింది. దీనికి భిన్నంగా, థాయ్‌లాండ్‌లో 2001లో ఏర్పడిన ఆరోగ్య ప్రోత్సాహక సంస్థకు మద్యం, పొగాకు పన్నుల మీద వేసే 2 శాతం అదనపు సుంకం నేరుగా చేరుతుంది, ఏటా బడ్జెట్ దయ మీద ఆధారపడదు. ఈ రెండిటిలో తేడా పన్ను రేటులో లేదు. డబ్బు దారిలో ఎవరి చేతులు దాటి వస్తుందన్న దాంట్లో ఉంది. ప్రతిపాదన చదివేటప్పుడు ఆ దారిని వేలు పెట్టి చూసుకోండి.

ఆసుపత్రికి డబ్బు ఎలా చెల్లిస్తారన్నది కూడా ఇక్కడే అడగాలి. ప్రతి పరీక్షకూ, ప్రతి చికిత్సకూ విడిగా చెల్లిస్తే పరీక్షలు పెరుగుతాయి. తలకింత చొప్పున ముందే ఇచ్చేస్తే ఖర్చు అదుపులో ఉంటుంది, కానీ కష్టమైన కేసులు పక్క ఆసుపత్రికి పంపే అలవాటు మొదలవుతుంది. చాలావరకు సేవకింత చొప్పునే చెల్లిస్తూ, పైన మొత్తం ఖర్చుకు ఒక పరిమితి పెట్టుకున్న తైవాన్ పద్ధతి మధ్యేమార్గం. పేరు ఏదైనా, ఫలితాన్ని కొలిచే అంకె ఒకటుంది: మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంత జేబులోంచి అప్పటికప్పుడు పెడుతున్నదెంత? ఆ వాటా తగ్గకపోతే పథకం పేరు ఎంత ఘనంగా ఉన్నా దానివల్ల కుటుంబాల అప్పులు ఆగడం లేదనే అర్థం.

అధికారం ఎక్కడ?

ఒకే దేశం, ఒకే చట్టం, పన్నులతో నడిచే ఒకే జాతీయ సేవ. అయినా రెండు పక్కపక్క ప్రాంతాలు ఒకే ఆపదను రెండు రకాలుగా ఎదుర్కొన్నాయి. ఇటలీ 1978లో జాతీయ ఆరోగ్య సేవ పెట్టుకుంది, తర్వాత నిర్వహణ ప్రాంతీయ ప్రభుత్వాల చేతికి వెళ్లింది. లొంబార్డీ పెద్ద ఆసుపత్రుల మీద, ప్రభుత్వంతో పాటు ప్రైవేటు ఆసుపత్రుల మధ్య పోటీ మీద దృష్టి పెట్టింది. పక్కనే ఉన్న వెనెటో జిల్లా స్థాయి నివారణ విభాగాలను, ఇంటి దగ్గర సేవలను గట్టిగా నిలుపుకుంది. 2020 ఫిబ్రవరి 21న వెనెటోలోని వో అనే చిన్న ఊళ్లో కోవిడ్ మరణం నమోదైంది. ఊళ్లో జనం సుమారు మూడు వేలు. ఊరిని మూసేసి, దాదాపు అందరికీ టెస్టులు చేశారు, కొన్ని రోజులయ్యాక మళ్లీ చేశారు. సోకినవాళ్లలో 40 శాతానికి పైగా మందికి లక్షణాలే లేవని తేలింది. లక్షణాలున్నవాళ్లకే టెస్టు అనే నియమం పెట్టుకుని ఉంటే వాళ్లంతా ఊళ్లో తిరుగుతూనే ఉండేవాళ్లు. అదే సమయంలో లొంబార్డీలో రోగులు నేరుగా ఆసుపత్రులకు పోటెత్తారు, ఆసుపత్రుల్లోనే వ్యాధి మరింత పాకింది. తీవ్రతలో తేడాలున్నాయి, జనసాంద్రత వేరు, అదృష్టం పాత్రా ఉంది. అయినా ఊరి స్థాయిలో మనుషులు, ల్యాబు, నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ మూడూ ఒకచోట ఉండటం వల్ల ఏం సాధ్యమవుతుందో వో చూపించింది.

దీన్ని చూసి అధికారమంతా కిందికి దింపేయాలనుకుంటే ఫిన్లాండ్ అనుభవం ఆపుతుంది. అక్కడ దశాబ్దాలపాటు ఆరోగ్య సేవలు మునిసిపాలిటీల బాధ్యత. దాదాపు మూడు వందల మునిసిపాలిటీల్లో కొన్నిటి జనాభా కొన్ని వేలే, వృద్ధులే ఎక్కువ. అంత చిన్న చోట స్పెషలిస్టును పెట్టుకోవడం, ఖరీదైన చికిత్స భరించడం ఎలా కుదురుతుంది? 2023 జనవరి 1 నుంచి ఈ బాధ్యతను 21 పెద్ద ప్రాంతాలకు, హెల్సింకి నగరానికి అప్పగించారు.

నా సలహా: కేంద్రీకరణా వికేంద్రీకరణా అని మొత్తానికి ఒకే తీర్పు అడగకండి. పని పనికీ విడిగా అడగండి. టీకాల కొనుగోలు, మందుల బేరం, నాణ్యతా ప్రమాణాలు, అరుదైన వ్యాధులను నిర్ధారించే రిఫరెన్స్ ల్యాబు, సరిహద్దుల దగ్గర తనిఖీ పైనుంటేనే బాగుంటాయి. ఇంటింటికీ వెళ్లడం, నీటి శాంపిల్ తీయడం, హోటళ్ల తనిఖీ, ఒక కేసు బయటపడగానే ఎవరెవరిని కలిశాడో ఆరా తీయడం కిందే జరగాలి. అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు బాధ్యత కిందికి దింపి డబ్బు పైనే అట్టిపెట్టుకోవడం. కాగితాల మీద అది చక్కటి వికేంద్రీకరణలా కనిపిస్తుంది. వాస్తవంలో స్థానిక సంస్థ అన్నిటికీ జవాబు చెప్పుకుంటుంది, దేనికీ ఖర్చు పెట్టలేదు.

ఈ విషయంలో బ్రెజిల్ నుంచి నేర్చుకోవచ్చు. 1988 రాజ్యాంగంలో ఆరోగ్యాన్ని హక్కుగా రాసుకుని, నిర్వహణలో ఎక్కువ భాగం మునిసిపాలిటీలకు ఇచ్చారు. తర్వాత 2000లో రాజ్యాంగ సవరణతో మునిసిపాలిటీలు తమ ఆదాయంలో కనీసం 15 శాతం, రాష్ట్రాలు 12 శాతం ఆరోగ్యానికి పెట్టి తీరాలన్న నియమం వచ్చింది. ఆ డబ్బుతో నడిచే వ్యవస్థకు ఆధారం రెండున్నర లక్షలకు పైగా ఉన్న ఆరోగ్య కార్యకర్తలు. ఒక్కొక్కరికి గరిష్ఠంగా 750 మంది. కార్యకర్త అదే పేటలో ఉండే మనిషి, నెలకోసారి ప్రతి ఇంటికీ వెళ్తుంది: గర్భిణి చెకప్‌కు వెళ్లిందా, పెద్దాయన బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా, పిల్లాడికి టీకా పడిందా. ఆ ఇంట్లో మామూలుగా లేని జ్వరం వస్తే మొదట తెలిసేది ఆమెకే.

నివారణ ఎవరి చేతిలో?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆసుపత్రులనూ నివారణనూ ఒకే అధికారి కింద, ఒకే పద్దులో పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పొద్దున్నే ఆ అధికారి టేబుల్ మీద రెండు ఫైళ్లు ఉంటాయి. ఒకటి పాడైన స్కానింగ్ మెషిన్‌ది, బయట రోగులు నిలబడి ఉన్నారు. రెండోది వ్యాధి నిఘా విభాగంలో ఏడాదిగా ఖాళీగా ఉన్న పోస్టులది. అధికారి ఎంత నిజాయితీపరుడైనా ముందు సంతకం ఏ ఫైలు మీద పడుతుందో తెలిసిందే. రోజూ ఇలాగే జరిగితే, పదేళ్లకు రెండో విభాగం పేరు మాత్రమే మిగులుతుంది.

దీనికి ఒక మందు విడదీయడం. భారతదేశంలో స్వాతంత్ర్యం తర్వాత చాలా రాష్ట్రాలు వైద్య, ప్రజారోగ్య సేవలను కలిపేశాయి. తమిళనాడు మాత్రం ప్రజారోగ్యానికి వేరే డైరెక్టరేట్, వేరే బడ్జెట్, ఆ పనిలో శిక్షణ పొంది అందులోనే పైకెదిగే అధికారుల కేడర్ నిలుపుకుంది. 1939 నాటి ప్రజారోగ్య చట్టం వాళ్ల చేతికి అధికారం ఇస్తుంది. ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది కేడర్. నివారణ పనిని జీవితకాలపు వృత్తిగా ఎంచుకుని, అందులోనే ప్రమోషన్ వస్తుందన్న భరోసా ఉన్న మనిషి, ఆసుపత్రి పోస్టింగ్ కోసం ఎదురుచూస్తూ రెండేళ్లు గడిపే మనిషి ఒకేలా పనిచేయరు.

అయితే విడదీయడమొక్కటే చాలదని ఇంగ్లాండ్ చూపించింది. అక్కడ 2013లో స్థానిక ప్రజారోగ్య బాధ్యతలను జాతీయ ఆరోగ్య సేవ నుంచి తీసి స్థానిక సంస్థలకు అప్పగించారు. ఆలోచనలో తప్పులేదు. ఇళ్లు, పార్కులు, బడులు, రోడ్లు స్థానిక సంస్థల చేతిలోనే ఉంటాయి, ఆరోగ్యాన్ని నిర్ణయించేవీ అవే. దానికోసం వేరే పనికి వాడకూడని ప్రత్యేక గ్రాంటు కూడా ఇచ్చారు. 2015లో ఏడాది మధ్యలోనే ఆ గ్రాంటులో 20 కోట్ల పౌండ్లు కోసేశారు. జాతీయ ఆరోగ్య సేవ బడ్జెట్‌ను కాపాడతామని ప్రభుత్వం మాటిచ్చింది, మాట నిలుపుకుంది కూడా. ప్రజారోగ్య గ్రాంటు ఇప్పుడు ఆ గీతకు బయట ఉంది, అంతే. ఆసుపత్రుల నీడ నుంచి బయటపడ్డ నివారణ పని, ఆసుపత్రులకున్న రాజకీయ రక్షణను కూడా పోగొట్టుకుంది. ఆ తర్వాతి ఏళ్లలోనూ గ్రాంటు విలువ తగ్గుతూ వచ్చింది. 2013లోనే పుట్టిన జాతీయ ప్రజారోగ్య సంస్థను రద్దు చేసి కొత్తది పెడతామని 2020 ఆగస్టులో, కోవిడ్ నడుమ, ప్రకటించారు. ఆ సంస్థలో పనిచేసేవాళ్లు ఎంత టెన్షన్‌తో ఆ నెలలు గడిపి ఉంటారో అనిపిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా కోస్టారికా నిలబడుతుంది. 1990లలో వాళ్లు ఆరోగ్య శాఖలోని నివారణ సిబ్బందిని, సేవలను ఆసుపత్రులు నడిపే సామాజిక భద్రతా సంస్థలోకి తెచ్చి కలిపేశారు. పైన నేను చెప్పిన లెక్క ప్రకారం అక్కడ నివారణ చచ్చిపోవాలి. చావలేదు. కలిపేటప్పుడే దేశాన్ని సుమారు నాలుగైదు వేల మంది చొప్పున పంచి, ప్రతి భాగానికీ ఒక బృందాన్ని పెట్టారు: డాక్టర్, నర్సింగ్ సహాయకురాలు, ఫార్మసీ సహాయకుడు, రికార్డులు చూసే గుమాస్తా, వీళ్లతో పాటు ఇళ్లకు వెళ్లే ఆరోగ్య సహాయకుడు. ఆ చివరి మనిషి ఉద్యోగమే ఇంటి తలుపు తట్టడం. అతన్ని క్లినిక్ పనికి లాగేస్తే బృందం లెక్క తప్పుతుంది. కోస్టారికా ఆయుర్దాయం, తలసరి ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువున్న అమెరికాకు దీటుగా ఉంది.

కాబట్టి విడిగానా కలిపా అన్నదాని కంటే ముందు మూడు విషయాలు వెతకండి. నివారణకు ఇంత కంటే తగ్గకూడదని చట్టంలో అంకె ఉందా? ఆ పని తప్ప ఇంకే పనీ చేయని మనుషులు, వాళ్లకు ప్రమోషన్ దారి ఉన్నాయా? ప్రమాదాన్ని బహిరంగంగా చెప్పే హక్కు ఆ అధికారికి ఉందా, లేక ప్రతి ప్రకటనా మంత్రి కార్యాలయం దాటి రావాలా? మూడూ ఉంటే కలిపినా ఫర్వాలేదు. ఒక్కటీ లేకుంటే విడదీసినా లాభం లేదు.

ఆపదకు సిద్ధపడటం

2019 అక్టోబరులో 195 దేశాల సన్నద్ధతకు మార్కులు వేసిన ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీలో అమెరికాది మొదటి స్థానం, బ్రిటన్‌ది రెండోది. కొన్ని నెలల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఇలాంటి సూచీలు ల్యాబులు, చట్టాలు, ప్రణాళికలు ఉన్నాయా అని లెక్కపెట్టగలవు. వాటిని వాడే నాయకత్వాన్నీ, జనం నమ్మకాన్నీ, కింది స్థాయిలో ఖాళీగా ఉన్న కుర్చీలనూ లెక్కపెట్టలేవు. ర్యాంకు చూసి వ్యవస్థను ఎంచుకోవద్దు.

దెబ్బ తిన్నాక మారిన దేశాలను చూడటం మేలు. 2015లో దక్షిణ కొరియాలో మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి 186 మందికి సోకి 38 మందిని బలి తీసుకుంది. ఎక్కువగా ఆసుపత్రుల్లోనే పాకింది, ఏ ఆసుపత్రుల్లో కేసులున్నాయో ప్రభుత్వం మొదట్లో చెప్పలేదు, జనం మండిపడ్డారు. తర్వాత చట్టాలు మార్చుకున్నారు. అందులో ముఖ్యమైనది, అత్యవసర సమయంలో ప్రైవేటు కంపెనీల టెస్టు కిట్లకు వేగంగా అనుమతి ఇచ్చే ఏర్పాటు. 2020 జనవరి 27న, చాంద్రమాన నూతన సంవత్సర సెలవుల్లో, సియోల్ రైల్వేస్టేషన్‌లోని ఒక సమావేశపు గదిలో అధికారులు ఇరవైకి పైగా కంపెనీల ప్రతినిధులను కూర్చోబెట్టి కిట్లు తయారుచేయండి, అనుమతి త్వరగా ఇస్తాం అని చెప్పారు. ఆ రోజుకు దేశంలో బయటపడ్డ కేసులు నాలుగు. ఫిబ్రవరి 4న మొదటి కిట్‌కు అనుమతి వచ్చింది. ఆ గదిలో అధికారులు అంత ధైర్యంగా మాటివ్వగలిగారంటే, ఆ అధికారం వాళ్లకు ముందే చట్టంలో రాసి ఉంది కాబట్టే.

సంపన్న దేశాలకే ఇది సాధ్యమని అనుకోనక్కర్లేదు. 2014 జులై 20న లైబీరియా నుంచి ఎబోలాతో ఒక ప్రయాణికుడు లాగోస్ విమానాశ్రయంలో దిగాడు. కోటిమందికి పైగా కిక్కిరిసి ఉండే నగరమది. నైజీరియా అప్పటికే పోలియో నిర్మూలన కోసం ఒక అత్యవసర కార్యకేంద్రం నడుపుతోంది, ఇల్లిల్లూ తిరగడం అలవాటైన మనుషులు అందులో ఉన్నారు. వాళ్లనే ఎబోలా మీదికి మళ్లించారు. దాదాపు 900 మంది కాంటాక్టులను గుర్తించి, వాళ్లందరి దగ్గరికీ మళ్లీ మళ్లీ వెళ్లారు. మొత్తం సుమారు 18,500 సార్లు ఎదురుగా నిలబడి జ్వరం ఉందా అని చూసొచ్చారు. 20 కేసులతో, 8 మరణాలతో అక్కడ ఆగింది. అక్టోబరు 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ నైజీరియాను ఎబోలా రహితంగా ప్రకటించింది. అదే వ్యాప్తి ముగిసేసరికి గినీ, లైబీరియా, సియెరా లియోన్‌లలో 11 వేల మందికి పైగా చనిపోయారు.

అందుకే సన్నద్ధత కోసం డబ్బు పెట్టాల్సి వస్తే, గోదాములో మూలుగుతూ ఉండే ప్రత్యేక ఏర్పాట్లకూ రోజూ నడిచే మామూలు పనికీ మధ్య నేను రెండోదానికే మొగ్గుతాను. రోజూ డెంగీ, క్షయ, తట్టు మీద పనిచేసే ల్యాబు కొత్త వ్యాధి మీద కూడా పనిచేస్తుంది. ఆపద రోజున తాళం తీసి మొదలుపెట్టాల్సిన ల్యాబులో రసాయనాల గడువు తీరిపోయి ఉంటుంది.

నిల్వలు అక్కర్లేదని కాదు. 2009లో స్వైన్ ఫ్లూ సమయంలో అమెరికా తన జాతీయ నిల్వలోంచి కోట్ల సంఖ్యలో ఎన్95 మాస్కులు తీసి పంచింది, తర్వాత ఆ ఖాళీని పూడ్చలేదు. 2020లో దాని ఫలితం నర్సులు, డాక్టర్లు అనుభవించారు. తైవాన్ 2003లో సార్స్ దెబ్బ తిన్నాక నిల్వల్ని కేంద్రం, స్థానిక ప్రభుత్వాలు, ఆసుపత్రులు మూడు చోట్లా ఉంచే ఏర్పాటు చేసుకుంది. ఆసుపత్రి దగ్గరున్న స్టాకు రోజువారీ వాడకంలో తిరుగుతుంది కాబట్టి గడువు తీరి పారేసేది తగ్గుతుంది. నిల్వల ప్రతిపాదన వస్తే ఎంత కొంటారని కాదు, పాతది ఎటు పోతుంది, కొత్తది ఏ పద్దులోంచి వస్తుందని అడగాలి.

మాక్ డ్రిల్స్ విషయంలోనూ ఇంతే. బ్రిటన్ 2016లో ఫ్లూ మహమ్మారి వచ్చినట్టు ఊహించుకుని పెద్ద కసరత్తు చేసింది. తీవ్రమైన మహమ్మారిని తట్టుకునే శక్తి చాలదని అందులోనే తేలింది. నివేదిక 2020 అక్టోబరు దాకా ప్రభుత్వం బయటపెట్టలేదు. డ్రిల్ జరిపి, బయటపడ్డ లోపాలకు బాధ్యులనూ గడువునూ రాసుకోకపోతే అది మొక్కుబడి తంతు.

డబ్బు సంగతికొస్తే, ఆపద వచ్చినప్పుడు వరదలా వచ్చి, తర్వాత ఎండిపోవడం దీని జబ్బు. 2001లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి క్రిములు నింపిన ఉత్తరాల దాడి తర్వాత అమెరికా రాష్ట్రాలకు సన్నద్ధత నిధులు ఒక్కసారిగా పెంచింది, తర్వాతి ఏళ్లలో అవి కరిగిపోయాయి. ఒక్కసారి వచ్చే గ్రాంటుతో మెషిన్లు కొనొచ్చు, మనుషులకు పదేళ్ల జీతం ఇవ్వలేం. తక్కువైనా ఏటా వచ్చే డబ్బే మేలు. దానితో పాటు, ఆపద ప్రకటించిన రోజే ఎవరి సంతకం కోసమూ ఆగకుండా తీయగలిగే చిన్న అత్యవసర నిధి విడిగా ఉండాలి.

కొలవడానికి 7-1-7 అనే పద్ధతి నాకు నచ్చింది. కొత్త వ్యాధి తలెత్తిన 7 రోజుల్లో కనిపెట్టాలి, కనిపెట్టిన 1 రోజులో పైకి తెలియజేయాలి, ఆ తర్వాత 7 రోజుల్లో తొలి చర్యలు పూర్తవ్వాలి. ప్రణాళిక ఎన్ని పేజీలుందో ఇది అడగదు. పోయినసారి మీ జిల్లాలో విరేచనాలు ప్రబలినప్పుడు ఎన్ని రోజులు పట్టిందని అడుగుతుంది. ఆలస్యం శాంపిల్ బస్సులో వెళ్లడం దగ్గర జరిగిందా, ల్యాబులో జరిగిందా, రిపోర్టు మీద సంతకం దగ్గర జరిగిందా తెలిసిపోతుంది. 196 దేశాలు ఒప్పుకున్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల స్ఫూర్తి కూడా ఇదే. 2007 నుంచి అమల్లో ఉన్నా చాలాచోట్ల అవి ఏటా నింపే ఫారాల స్థాయిలో మిగిలాయి.

మీ పరిస్థితికి ఏది?

ఎక్కువమందికి స్థిరమైన ఉద్యోగాలు, నమ్మదగిన పన్ను యంత్రాంగం ఉన్నచోట పన్నులైనా బీమా అయినా నడుస్తాయి. ఉన్నదాన్ని మార్చే శ్రమ కంటే నిధులను కలపడం మీద శ్రమ పెట్టడం లాభం. ఎక్కువమంది కూలీలు, రైతులు, చిరు వ్యాపారులు అయినచోట ప్రీమియం ఆశ వదులుకుని పన్నుల మీద ఆధారపడండి, ముందు ప్రాథమిక ఆరోగ్య సేవలతో మొదలుపెట్టండి. పెద్దాసుపత్రి చికిత్సల బీమాతో మొదలుపెడితే డబ్బు అక్కడే ఖర్చైపోయి కింది స్థాయికి చేరదు. రాష్ట్రాలకు ఎక్కువ అధికారాలున్న సమాఖ్య దేశమైతే బ్రెజిల్‌లాగా కనీస ఖర్చును చట్టంలో రాయించడం మొదటి పోరాటం కావాలి. చిన్న దేశమైతే కోస్టారికా బృందాల పద్ధతి అన్నిటికంటే తేలిగ్గా అమలయ్యేది.

చేతిలో చాలా తక్కువ డబ్బుండి, ఒక్క పని మాత్రమే చేయగలిగే పరిస్థితిలో ఉన్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది వ్యాధి పరిశోధకుల శిక్షణ. ఊళ్లోకి వెళ్లి, ఎవరికి ఎప్పుడు జబ్బు మొదలైందో ఇల్లిల్లూ అడిగి రాసుకుని, మూలం పట్టుకునే మనుషులు వీళ్లు. అమెరికా 1951లో ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. థాయ్‌లాండ్ 1980లో సొంత కార్యక్రమం పెట్టుకుంది, తర్వాత ఎన్నో దేశాలు అదే దారి పట్టాయి. రెండు లక్షల జనాభాకు ఒకరు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. రెండేళ్ల శిక్షణలో ఎక్కువ భాగం నిజమైన వ్యాధి వ్యాప్తుల మీదే గడుస్తుంది, కాబట్టి నేర్చుకుంటున్నప్పుడే వాళ్ల పని ప్రభుత్వానికి ఉపయోగపడుతుంది. పెద్ద భవనాలు అక్కర్లేదు. శిక్షణ పూర్తయ్యే నాటికి వాళ్లకు శాశ్వత పోస్టులు మంజూరై ఉండాలి, లేదంటే మొదటి బ్యాచ్ వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతుంది.